దులిపిన దుమ్ము

రంగుల మేస్త్రి పని నుంచి వచ్చే వేళకు అతని కూతురు వీధి గుమ్మంలో సిద్ధంగా ఉండేది. నోరు తెరిస్తే మూయదు కాబట్టి ఇంట్లో అందరూ ఆమెను వసపిట్ట అంటారు. ఇంకా బడిలో వెయ్యలేదు. తండ్రి సందు మలుపు తిరగడం కనిపించగానే "నా ఇల్లొచ్చింది, నా ఇల్లొచ్చింది" అని గంతులు వేసేది. ఆ పిల్ల ఎదురుచూసేది తండ్రి కోసమా, తండ్రి భుజం మీది మూట కోసమా అన్నది నానమ్మకు తీరని సందేహం.

ఆ మూటలో ఉండేవి పాత దుప్పట్లు. గోడలు గీకేటప్పుడు నేల పాడవకుండా పరిచే గుడ్డలు. మేస్త్రి మూటను వసారాలో దించి, పెరట్లో కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుని, ఆ తర్వాతే పిల్లను ఎత్తుకునేవాడు. శుభ్రం విషయంలో అతన్ని వేలెత్తి చూపడానికి లేదు. భార్య ఆ దుప్పట్లను పెరటి తీగ మీద వేసి, కర్రతో గట్టిగా దులిపి, మడత పెట్టేది. మడత పెట్టిందో లేదో వసపిట్ట వాటిని లాక్కుపోయి, రెండు కుర్చీల మీదా మంచం అంచు మీదా కప్పి, కింద దూరేది. అది ఆమె ఇల్లు. అందులో బొమ్మలు అద్దెకుండేవి. కొసలు జారిపోకుండా ముడులు వేసి ఇచ్చేది నానమ్మే.

"నన్ను కూడా అద్దెకు రానిస్తావటే?" అని ఆమె దుప్పటి ఎత్తి తొంగి చూసేది.

"నీకు అద్దె వద్దులే నానమ్మా. కానీ నువ్వు మాట్లాడకూడదు. ఇక్కడ నేనే మాట్లాడాలి."

చూసేవాళ్ళకు ఇంతకంటే ముచ్చటైన సంగతి ఉండదు. అయితే ఆ ఇంటిల్లిపాదినీ ఏడిపించబోయే ప్రమాదం ఆ దుప్పట్ల మడతల్లోనే ఉంది. అది అక్కడికి ఎలా చేరిందో చెప్పాలంటే కొన్ని వారాలు వెనక్కి వెళ్ళాలి.

ఆ నగరంలోని పాత ఇళ్ళను పరీక్షించిన పరిశోధకుల బృందం ఒకటి, వాటి తలుపులకూ గోడలకూ ఏనాడో వేసిన రంగుల్లో సీసం ఉందని బయటపెట్టింది. ఆ రంగు పెచ్చులూడి పొడి అయితే, చేతుల మీదుగా పిల్లల నోట్లోకి పోతుందనీ, ఎదిగే మెదడును దెబ్బతీస్తుందనీ ఆ బృందంలోని ఒక యువతి టీవీలో వివరంగా చెప్పింది. వివరమంతా ఎవరికి కావాలి? అందులోంచి ఎవరో ఒక ముక్క కత్తిరించి ఫోన్లలోకి వదిలారు. ఇక చూడండి! ఒకరు గోడలన్నిటికీ పాత క్యాలెండర్లు అతికించారు. ఒకరు పిల్లలకు ఇంట్లో కూడా చేతి తొడుగులు వేశారు. "నేనూ ఈ గోడల మధ్యే పెరిగాను, నాకేమైంది?" అని ఒక పెద్దమనిషి గట్టిగా వాదించాడు. ఆయన భార్య ముసిముసిగా నవ్వింది. రంగుల దుకాణం యజమాని మాత్రం ఎవరితోనూ వాదించలేదు. "సీసం లేని రంగులు మా వద్ద లభించును" అని పెద్ద బోర్డు రాయించి తగిలించాడు.

నవ్వులాటకేం గానీ, ఆ భయం ఉత్తి భయం కాదు. పరిశోధన నిజమే. మేస్త్రికి తరచుగా పని దొరికే నాలుగంతస్తుల పాత భవనంలో బ్యాంకు ఉద్యోగం చేసే ఒక తల్లి ఉంది. అందరూ ఆమెను బ్యాంకు మేడం అంటారు. ఆమె కొడుక్కి గోడ గిల్లే అలవాటు. ఫోన్లో ఆ ముక్క చూసిన దగ్గరనుంచీ ఆమె కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. తెల్లవారగానే కొడుకును తన తల్లి దగ్గరికి పంపేసి, మేస్త్రిని పిలిపించింది.

"మొత్తం గీకెయ్యండి మేస్త్రీ. పాత రంగు ఒక్క పొర కూడా మిగలకూడదు."

"గోడ తడిపి గీకితే దుమ్ము లేవదమ్మా. కాకపోతే ఆరాలి, తర్వాత లప్పం పట్టాలి. ఆలస్యమవుతుంది."

"ఎంత ఆలస్యం? బడులు తెరిచేలోగా మా బాబు వచ్చేయాలి. తడిపితే గోడలు చెమ్మ పట్టవూ? మామూలుగానే చెయ్యండి."

మేస్త్రి సరేనన్నాడు. తడపమని అతను చెప్పింది సామాను పాడవకుండా ఉంటుందనే తప్ప, మరో ఆలోచనతో కాదు. పొడిగా రుద్దితే అతనికీ పని త్వరగా తెములుతుంది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ఉప్పుకాగితం అందుకున్నాడు. గది నిండా తెల్లటి దుమ్ము లేచింది. బ్యాంకు మేడం పక్కగది తలుపు కింద తడిగుడ్డలు కుక్కి, లోపలే కూర్చుంది. సాయంత్రం అతను వెళ్ళబోతుంటే తలుపు ఓరగా తీసి, కాస్త మొహమాటంగా అంది.

"ఒక్క మాట మేస్త్రీ. ఆ దుమ్ము గుడ్డలు మెట్ల కింద పెట్టకండి. పిల్లలు తిరిగే చోటు కదా. రోజూ మీతో తీసుకెళ్ళిపోండి. ఏమీ అనుకోకండి."

"అయ్యో, అనుకోవడానికి ఏముందమ్మా" అని అతను మూట భుజాన వేసుకున్నాడు.

నిజంగానే అతను ఏమీ అనుకోలేదు. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. తన బిడ్డ క్షేమం తప్ప ఆమె మనసులో మరో ఊసు లేదు, అది తప్పని ఎవరంటారు? కానీ ఆ మూట వెళ్ళే చోట కూడా ఒక పిల్ల ఉంటుందన్న సంగతి చదువుకున్న ఆమెకు తట్టలేదు. గుడ్డ దులిపితే దుమ్ము పోయినట్టేనని జీవితమంతా నమ్మిన అతనికీ తట్టలేదు. ఆమెను చూసి ఎదురింటివాళ్ళు, వాళ్ళను చూసి పై అంతస్తువాళ్ళు మేస్త్రిని పిలిచారు. గుడ్డల విషయంలో అందరిదీ అదే మాట.

మేస్త్రి భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆమె కూడా ఫోన్లో ఆ ముక్క చూసింది. చూసినప్పటి నుంచీ ఆమెకు మనసు మనసులో లేదు.

"ఏవండీ, ఆ దుమ్ము మంచిది కాదంటున్నారు. మీరేమో పొద్దస్తమానం అందులోనే ఉంటున్నారు."

"ఎన్నేళ్ళుగా మింగుతున్నాను! ఏమైంది? దుక్కలా ఉన్నాను."

"దుక్కలా ఉన్నవాళ్ళు మోకాళ్ళు పట్టుకుని మూలగరు."

"అది వయసులే."

"నీకు వయసేంట్రా? వయసు నాది" అని మూలనుంచి అతని తల్లి అందుకుంది.

ముగ్గురూ నవ్వేశారు. అయినా భార్య పట్టు వదల్లేదని, మేస్త్రి తన ఇంటిని కూడా ఒకసారి పరీక్షగా చూశాడు. గోడలకు మొదటినుంచీ సున్నమే. తలుపులకూ పిల్ల మంచానికీ కొత్త రంగు కొనుక్కొచ్చి వేశాడు. "ఇంక నిశ్చింతగా ఉండవే" అన్నాడు. ఆమె నిశ్చింతగా ఉండాలని చాలా ప్రయత్నించింది.

ముందు వసపిట్టకు తిండి మీద ధ్యాస పోయింది. తర్వాత పొట్ట నొప్పి అని మెలికలు తిరగడం మొదలుపెట్టింది. నులిపురుగులేమోనని నానమ్మ అంటే ఆ మందు వేశారు. తగ్గలేదు. చీటికీమాటికీ ఏడుపు, అంతలోనే కోపం. అన్నిటికంటే తల్లిని భయపెట్టింది మరొకటి. కుట్టుమిషను పక్కన కూర్చుని రంగుల పేర్లన్నీ గడగడా చెప్పే పిల్ల, ఒకరోజు పచ్చదారం ఉండ చేతిలో పట్టుకుని అదేమిటో గుర్తు రాక తల్లి మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది.

"చెప్పమ్మా, ఏం రంగు?"

పిల్ల ఉండను కింద పడేసి దుప్పటి ఇంట్లోకి దూరింది. లోపలనుంచి మాట వినిపించలేదు. బొమ్మలతో కూడా మాట్లాడలేదు.

ఆ వారంలోనే పరిశోధకుల బృందం పాత భవనంలో పిల్లలకు ఉచితంగా రక్త పరీక్షలు పెట్టింది. భవన సంఘం కార్యదర్శి ఒక రిటైర్డు మాస్టారు. ఆయనే మేస్త్రితో "మీ పాపను కూడా తీసుకురా" అన్నాడు. "మాది సున్నం కొట్టిన ఇల్లు మాస్టారూ, మాకెందుకు?" అని మేస్త్రి కొట్టిపారేశాడు. భార్య అతనితో వాదించలేదు. అతను పనిలోకి వెళ్ళాక పిల్లను చంకనేసుకుని తానే వెళ్ళింది.

ఫలితాలు చెప్పిన రోజు భవనంలో పండగలా ఉంది. పిల్లల్లో ఎవరికీ ప్రమాదం లేదు. బ్యాంకు మేడం, పరీక్ష కోసం అమ్మమ్మ ఇంటి నుంచి రప్పించిన కొడుకును గట్టిగా హత్తుకుని సంతోషంతో ఏడ్చేసింది. అదే సమయంలో, టీవీలో కనిపించిన ఆ పరిశోధకురాలు మేస్త్రి భార్యను పక్కగదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, కంగారు పడకుండా వినండి. పాప రక్తంలో సీసం చాలా ఎక్కువగా ఉంది."

మేస్త్రి ఒప్పుకోలేదు. "ఎవరి రక్తమో మారిపోయి ఉంటుంది" అని కేకలు వేశాడు. పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ తీయించాడు. మళ్ళీ అదే మాట. ఆ రోజు ఇంటికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా తలుపులకు వేసిన కొత్త రంగును గోటితో గీకి చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు మనసు ఒప్పకపోయినా పనికి వెళ్ళాడు. ఒప్పుకున్న ఇల్లు సగంలో ఉంది.

ఆ మధ్యాహ్నమే పరిశోధకురాలు వాళ్ళ ఇంటికి వచ్చింది. చిన్న దూది పుల్లలు తెచ్చింది. సీసం తగిలితే ఆ దూది ఎర్రబడుతుందని చెప్పి గోడ మీద రుద్దింది. ఎర్రబడలేదు. తలుపు మీద, మంచం మీద, పిల్ల కంచం మీద, బొమ్మల మీద రుద్దింది. బొమ్మ దగ్గర దూది కాస్త గులాబిరంగుకు తిరిగింది. ఆమె ఆలోచనలో పడింది. కుళాయి నీళ్ళు సీసాలో పట్టుకుంది.

"అమ్మాయీ, మా ఇంట్లో ఏముందని వెతుకుతున్నావు?" అని నానమ్మ అడిగింది. "మేం పిల్లకు మట్టి కూడా అంటనివ్వం."

అంతలో వీధి గుమ్మంలో మేస్త్రి కనిపించాడు. పిల్ల మీద బెంగతో పని మధ్యలో ఆపి వచ్చేశాడు. ఇంట్లో కొత్త మనిషిని చూసి, భుజం మీది మూటను అక్కడే దబ్బున పడేశాడు. కిటికీలోంచి పడుతున్న ఎండలో సన్నటి దుమ్ము లేచింది. వసపిట్ట నీరసంగా లేచి వచ్చి, మూట ముడి విప్పి, దుప్పటి ఒకటి లాక్కుని, తల మీదుగా కప్పుకుని కూర్చుంది. పరిశోధకురాలి చూపు ఆ దుమ్ము మీద పడింది. వంగి, దుప్పటి అంచు మీద దూది రుద్దింది.

దూది ఎర్రగా మారింది.

ఎవరూ ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. మేస్త్రి ఒక్క అంగలో వెళ్ళి దుప్పటి లాగేశాడు. పిల్ల జడుసుకుని ఏడ్చింది. ఎత్తుకోబోయి, తన చొక్కా చూసుకుని, చేతులు వెనక్కి తీసుకున్నాడు. కన్నకూతురు ఏడుస్తూ చేతులు చాస్తుంటే ముట్టుకోలేక, గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. పిల్లను తల్లి ఎత్తుకుంది. నానమ్మ మాత్రం తన చేతులకేసి చూసుకుంటూ "ముడులు వేసి ఇచ్చింది నేనే. నేనే వేసి ఇచ్చాను" అని గొణుక్కుంది.

"తడపకుండా గీకొద్దనీ, గీకినవాళ్ళు ఆ బట్టలతో ఇంటికి వెళ్ళొద్దనీ నేను అదే రోజు, అదే టీవీలో చెప్పానండీ" అంది పరిశోధకురాలు బాధగా. "ఆ ముక్క ఎవరూ పంపుకోలేదు."

"మా పాప మామూలుగా అవుతుందా?" అని మేస్త్రి అడిగాడు.

ఆమె అబద్ధం చెప్పలేదు. దుమ్ము ఆగిపోతే రక్తంలో సీసం మెల్లగా తగ్గుతుందనీ, మంచి తిండి పెట్టి, మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించాలనీ చెప్పింది. ఇప్పటికే జరిగిన నష్టం ఎంతో, అది పూడుతుందో లేదో బడిలో వేశాక గానీ తెలియదంది. మేస్త్రి రక్తం కూడా చూడాలంది. అతని మోకాళ్ళ నొప్పి వయసుది కాకపోవచ్చంది. అతనికి ఆ మాట వినిపించనే లేదు.

"కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. అదీ ఎవరి కొండనాలుక, ఎవరి నాలుక!" అని నానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాతి రోజులు ఆ ఇంట్లో ఎలా గడిచాయో రాయడం కష్టం. పిల్ల ఒక మాట మరిచిపోతే తల్లి గుండె జారేది. పిల్లలు మాటలు మరిచిపోవడం మామూలే. కానీ ఏది మామూలో, ఏది కాదో ఆమెకిక తెలియలేదు. మేస్త్రి పని మానేశాడు. అటు పాత భవనంలో గీకాల్సిన ఇళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. బడులు తెరిచే రోజు దగ్గరపడుతోంది. కబురు మీద కబురు వచ్చింది. ఇంకో మేస్త్రిని పెట్టుకుంటామని కూడా అన్నారు. ఆ మాట వినగానే మేస్త్రి భార్య మిషను ఆపి లేచింది.

"ఆ ఇంకో మేస్త్రికి పిల్లలున్నారో లేదో! పదండి, వెళ్దాం."

ఆదివారం పొద్దున్న భవనం కింద సంఘం సమావేశం జరిగింది. మొగుడూపెళ్ళాలిద్దరూ వెళ్ళారు. ఏమైందో భార్యే చెప్పింది. ఎవర్నీ తిట్టలేదు. మూట, దుప్పటి, పిల్ల కట్టుకున్న ఇల్లు, ఎర్రబడిన దూది, అంతే చెప్పింది. తర్వాత మేస్త్రి లేచాడు.

"మిగతా ఇళ్ళు నేనే చేస్తానండీ. గోడలు తడిపి గీకుతాను, ఆలస్యమవుతుంది. పని బట్టలూ గుడ్డలూ ఇక్కడే ఉంటాయి, ఇక్కడే ఉతుకుతాను, ఇక్కడే స్నానం చేసి వెళ్తాను. మీ ఇళ్ళలో వద్దంటే మెట్ల కింద ఒక కుళాయి చూపించండి."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. వెనకనుంచి ఒకాయన లేచాడు. చెడ్డవాడు కాదు, ఇద్దరు పసిపిల్లల తండ్రి.

"అన్ని రోజులు ఆ గుడ్డలు ఇక్కడే ఉంటే మా పిల్లల సంగతేంటి మేస్త్రీ?"

మేస్త్రి ఆయన వైపు చూశాడు. కోపం తెచ్చుకోవాలని చూసినా రాలేదు. ఆ తండ్రి కళ్ళలో ఉన్న భయం అతనికి తెలియనిది కాదు.

"ఎక్కడో ఒకచోట ఉండాలి కదండీ. ఎవరి పిల్లల దగ్గర ఉండాలో మీరే చెప్పండి."

అడిగినాయన మెల్లగా కూర్చున్నాడు. బ్యాంకు మేడం తన కుర్చీలోంచి లేచింది.

"ఇంటికి తీసుకెళ్ళమని మొదట చెప్పింది నేనే" అంది. "మా బాబుకు ఏమీ లేదని తెలిసిన రోజు నేను ఆనందంతో ఏడుస్తుంటే, పక్కగదిలో మీ ఆవిడ..." వచ్చి మేస్త్రి భార్య పక్కన కూర్చుంది. మేస్త్రి భార్య ఆమెను ఓదార్చలేదు, పక్కకు జరగమనీ అనలేదు.

మాస్టారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మెట్ల కింద గది ఖాళీ చేయించి తాళం వేయిద్దాం. కుళాయి పెట్టిద్దాం. పని అయ్యేదాకా మన పిల్లల్ని మనం కనిపెట్టుకుని ఉందాం, ఆ కష్టం మనది. ఆ పాప వైద్యం విషయంలో కూడా మనం వెనక నిలబడాలి, అది దానం కాదు, బాధ్యత." ఆయన అందరి మొహాలూ ఒకసారి చూశాడు. "భయపడటం తప్పు కాదు. కానీ మన గడప బయటికి నెట్టిన ప్రమాదం ఎవరి గడప తొక్కిందో అడగనంత కాలం, మనం విన్నది సగం సైన్సు, చేసింది నిండు అన్యాయం."